నలుగురు మోయాల్సింది ఎప్పుడు?

ధ్యాన భాగము: మార్కు సువార్త 2:1–12



కపెర్నహూములో జరిగిన ఆ సంగతి మనకు సండే స్కూలు రోజుల నుండి తెలిసినదే. ఇల్లంతా జనం. వాకిట్లో కూడా చోటు లేదు. లేవలేని మనిషిని నలుగురు మోసుకొచ్చారు. లోపలికి దారి లేదని వాళ్ళు తిరిగి పోలేదు. "వీడు పొద్దున్నే రావాల్సింది, వీడికే శ్రద్ధ లేదు" అని పరుపు కింద పెట్టి తిట్టలేదు. ఇంటి మీదికి ఎక్కారు, కప్పు విప్పారు, పరుపుతో సహా మనిషిని ప్రభువు ముందు దింపారు.

మన తెలుగువాళ్ళలో "నలుగురు మోయడం" అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. పాడె మోయడానికీ నలుగురే కావాలి. పాల్మాకుల చుట్టుపక్కల ఊళ్ళలో పరిచర్య చేస్తూ మేము ఎన్నో భూస్థాపన ఆరాధనలు జరిపించాము. యాభై ఏళ్ళు కూడా నిండని మగవాళ్ళను మట్టికి అప్పగించిన రోజులు వాటిలో తక్కువేమీ కాదు. ఆ పెట్టె మోయడానికి నలుగురు కాదు, నలభై మంది ముందుకొస్తారు. అదే మనిషి బ్రతికుండగా షుగర్ పరీక్షకు వెంట పోవడానికి ఒక్కరు దొరకరు. ఈ వారం ధ్యానము ఆ కోపంతో రాస్తున్నాము. ఆ కోపంలో మొదటి వాటా మా మీదనే అని ముందే ఒప్పుకొంటున్నాము.

డోలక్ వాయించే సహోదరుడు

మా సంఘములో డోలక్ వాయించే ఒక సహోదరుడు ఉన్నాడు. పేరు రాయము. విమానాశ్రయం వైపు ఒక గోదాములో రాత్రి డ్యూటీ. నలభై ఒకటో ఏట షుగర్ బయటపడింది. దవాఖానలో గోళీలు ఇచ్చారు. కొన్నాళ్ళు వేసుకున్నాడు. ఆ తరువాత ఒక స్వస్థత కూటములో ప్రార్థన చేయించుకొని, ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాడు: "దేవుడు నన్ను ముట్టిండు, గోళీలు అన్నీ పడేసిన." సంఘమంతా హల్లెలూయా అన్నది. మేమూ అన్నాము. మైకు మా చేతిలోనే ఉంది. "సహోదరుడా, దేవునికి స్తోత్రము, రేపు పోయి షుగర్ ఒకసారి చూపించుకొని రా" అనడానికి ఒక్క నిమిషం చాలు. మేము అనలేదు. అంటే విశ్వాసం తక్కువ పాస్టరు అనుకుంటారేమో అని భయపడ్డాము.

పనిలో వేసుకునే గట్టి బూటు లోపల బొటనవేలికి పుండు పడింది. షుగర్ వల్ల పాదంలో స్పర్శ పోయింది గనుక నొప్పి తెలియలేదు. సాక్సుకు చీము అంటిన రోజు భార్య చూసింది. మొదట వేలు తీశారు. తరువాత మోకాలి కింద దాకా తీశారు. ఇప్పుడు పెట్టుడు కాలుతో మందిరానికి వస్తాడు, కుర్చీలో కూర్చొని డోలక్ వాయిస్తాడు. ఒకనాడు ఆరాధన అయిపోయాక, తబ్బిబ్బు లేకుండా, కోపం లేకుండా అడిగాడు: "అయ్యగారూ, ఆ రోజు గోళీల సంగతి మీరెందుకు అడగలే?"

ఆ ప్రశ్నకు మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఈ వ్యాసం జవాబు కాదు, పశ్చాత్తాపము.

"మగవాళ్ళు రారు" అనే మాట

ఆ సహోదరుడికి గోళీలు దొరకక కాలు పోలేదు. అది గమనించండి. మన దేశంలో షుగర్, బీపీ, క్యాన్సర్, గుండె జబ్బుల కోసం జాతీయ కార్యక్రమం 2010లోనే మొదలైంది. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారికీ ఊళ్ళోనే పరీక్ష చేయాలని ఏర్పాటు. ఆశ వర్కర్ ఇంటింటికీ వచ్చి, నడుము కొలిచి, ఫారం నింపుతుంది. పల్లె దవాఖానలు, పట్నంలో 2018 నుండి బస్తీ దవాఖానలు వచ్చాయి. గోళీలు ఉచితం. ఆపరేషన్ దాకా వస్తే ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో దాని పరిమితి పది లక్షలకు పెంచారు. ఇవన్నీ మంచివే. వాటి కోసం దేవునికి స్తోత్రము చెల్లిద్దాము.

అయినా 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప మీద ఉన్నారు. గోళీ ఉన్నది, దవాఖాన ఉన్నది, మనిషి మాత్రం లోపలికి రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే అధికారి, డాక్టరు, క్యాంపు పెట్టిన దాత, చివరికి పాస్టరు, అందరూ ఒకే మాట అంటారు: "మగవాళ్ళు రారండీ."

మేము ఈ మాటతోనే పోట్లాడుతున్నాము. మగవాళ్ళు రాకపోవడం కాదు అసలు సంగతి. మనం పిలిచిన చోటు, పిలిచిన గంట, పిలిచిన మనిషి వాళ్ళవి కావు. ద్వారం మూసి పెట్టి, వాడే రాలేదని చెప్పుకొంటున్నాము.

మా ఊరి సంగతి చూడండి. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. దాని కోసం ఐదు వేల ఎకరాలకు పైగా భూమి పోయింది. దున్నినవాళ్ళ కొడుకులు ఇప్పుడు క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, గోదాముల్లో లోడింగ్ మనుషులు. తండ్రి పొద్దున్నే గట్ల మీద నడిచాడు, రాత్రి తొమ్మిదింటికి పడుకున్నాడు. కొడుకు పన్నెండు గంటలు స్టీరింగు ముందు కూర్చుంటాడు, అర్ధరాత్రి దాబాలో అన్నం తింటాడు, నిద్ర ఆగడానికి రాత్రికి ఐదారు చాయిలు తాగుతాడు, ప్రతి చాయిలో చక్కెర. వాడి పని మారింది, తిండి మారింది, నిద్ర మారింది. వాడిని పిలిచే క్యాంపు మాత్రం మంగళవారం పొద్దున పదింటికే ఉంటుంది. ఆ గంటకు వాడు డ్యూటీలోనైనా ఉంటాడు, డ్యూటీ దిగి నిద్రలోనైనా ఉంటాడు.

మా ఊరికి దగ్గరలో అలాంటి ఒక క్యాంపుకు మమ్మల్ని ప్రార్థన చేయడానికి పిలిచారు. ఎవరు పెట్టారో చెప్పడం ఇక్కడ అనవసరం. కుర్చీల నిండా అక్కలు, అమ్మలు. మగవాళ్ళు ఆరుగురు. ఆ ఆరుగురిలో ముగ్గురు ముసలివాళ్ళు, ఒకడు టెంటు వేసినవాడు. ఫోటో దిగారు, క్యాంపు విజయవంతం అన్నారు. మేము ఆమేన్ అన్నాము. బయట పాన్ డబ్బా దగ్గర నిలబడిన ఒక డ్రైవర్ తమ్ముడిని "లోపలికి రారాదా" అని అడిగితే అన్నాడు: "అయ్యగారూ, గీడ కూసుంటే నా కిరాయి ఎవరిస్తరు? రాత్రి పదింటికి స్టాండుకు రమ్మనుండ్రి, అందరం సూపించుకుంటం." వాడు రాను అనలేదు. మీరు రండి అన్నాడు.

మైనారిటీ మగవాడు ఎక్కడ కనబడడు?

ఇక మైనారిటీల మాట. మా ప్రాంతంలో ముస్లిం సహోదరులు మెకానిక్కులు, డ్రైవర్లు, వెల్డింగ్ పనివాళ్ళు, పండ్ల బండ్లవాళ్ళు, మాంసం కొట్లవాళ్ళు. మన క్రైస్తవులలో ఎక్కువమంది దళిత కుటుంబాలవారు. మనవాళ్ళ సంగతి ఇంకా చిత్రం. మతం కాగితం మీద రాయిస్తే ఎస్సీ పోయి బీసీ-సీ అవుతుంది. అందుకని చాలామంది మందిరంలో ఒకటి, కాగితంలో ఒకటి. అంటే లెక్కల్లో మనం ఉన్నంతమంది లేము. లెక్కలో లేనివాడి కోసం ఏర్పాటు ఎవరు చేస్తారు?

కొందరు అంటారు: "షుగర్‌కు మతం ఉందా? గోళీ అందరికీ ఒకటే గదా?" గోళీ ఒకటే, మేమూ ఒప్పుకొంటాము. దాన్ని వేసుకునే జీవితం ఒకటి కాదు. ఒక్క ఉపవాసం సంగతే తీసుకుందాము.

2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది. రంజాన్ ఉపవాసాలు కూడా అదే వారంలో మొదలయ్యాయి. ఒకే వీధిలో మా సంఘస్థుడు శ్రమల దినముల ఉపవాసం, పక్కింటి భాయ్ రోజా. ఇద్దరికీ దవాఖాన ఇచ్చినవి అవే గోళీలు. మామూలుగా ఇచ్చే రెండింటిలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటే షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. తిన్నా తినకపోయినా అది షుగర్‌ను దించుతూనే ఉంటుంది. పొద్దున అది మింగి సాయంత్రం దాకా ఉపవాసం ఉన్నవాడికి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరుగుతాయి. వాడు స్టీరింగు పట్టుకొని ఉంటే వాడొక్కడే పోడు.

ఇది మా ఊహ కాదు. 2001లో మన దేశంతో కలిపి 13 దేశాలలో 12 వేల మందికి పైగా షుగర్ రోగులను రంజాన్ విషయమై పరిశీలించారు. షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన సందర్భాలు, పెద్ద వయసులో వచ్చే మామూలు షుగర్ ఉన్నవారిలో, ఆ నెలలో ఏడున్నర రెట్లు పెరిగాయి. అప్పటి నుండి లోకమంతటా డాక్టర్లు చెబుతున్నది ఇదే: ఉపవాసాలకు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే రోగిని కూర్చోబెట్టి మాట్లాడాలి, గోళీల మోతాదు, వేళ మార్చాలి, ఉపవాసం ఎవరికి ప్రమాదమో చెప్పాలి. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విడిచిపెట్టాలి. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే రోజా పోదని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

మరి మన ఊళ్ళో ఆ ఫారం మీద "మీరు ఉపవాసం ఉంటారా?" అని ఎవరైనా అడిగారా? మా సంఘములో ఇరవై మంది షుగర్ ఉన్న మగవాళ్ళను మేమే అడిగి చూశాము. ఎవరూ అడగలేదన్నారు. మీరెందుకు చెప్పలేదు అంటే, "ఉపవాసం అంటే డాక్టరు తిడతడని చెప్పలే" అన్నారు. చూడండి, ఒకడు తిడతాడని డాక్టరుకు చెప్పడు, విశ్వాసం తక్కువంటారని పాస్టరుకు చెప్పడు. ఇద్దరి మధ్య మనిషి ఒంటరి. మాల వేసుకొని ఒంటిపూట తినే అయ్యప్ప భక్తుడికీ ఈ ఇబ్బందే. మైనారిటీ మగవాడి కోసం ఈ ఒక్క ప్రశ్న ఫారంలో పెడితే అందరికీ మేలు జరుగుతుంది. మేము ప్రత్యేక వైద్యం అడగడం లేదు. అదే వైద్యానికి ఇంకో ద్వారం అడుగుతున్నాము.

రెండవది, మాట్లాడే మనిషి. ఆశ వర్కర్లు చేసే సేవకు మేము చేతులెత్తి నమస్కరిస్తాము. కానీ ఆమె ఆ ఊరి ఆడబిడ్డ, కోడలు. ఒకడికి వదిన, ఒకడికి చెల్లె. నడుము కొలవడానికే మగవాడు సిగ్గుపడతాడు. షుగర్ వల్ల భార్యాభర్తల మధ్య వచ్చే ఇబ్బంది ఆమెకు ఎలా చెబుతాడు? షుగర్ అదుపు తప్పితే నరాలు, రక్తనాళాలు దెబ్బతిని మగవాళ్ళకు ఆ సమస్య రావడం చాలా సాధారణం. అది జబ్బు లక్షణం అని వాడికి ఎవరూ చెప్పరు. వాడేమో "గోళీలు వేసుకున్నంక గిట్లయింది" అనుకొని గోళీలు మానేస్తాడు. రోడ్డు పక్క డేరా వేసుకున్నవాడి దగ్గర వేలు పోసి నాటు మందు కొంటాడు. పాస్టర్లమైన మేము పెండ్లి గురించి గంటల తరబడి ప్రసంగిస్తాము గాని, ఈ సంగతి మీద నోరు విప్పము. మగ డాక్టరుతోనో, మగ ఆరోగ్య కార్యకర్తతోనో తలుపు వేసుకొని పది నిమిషాలు మాట్లాడే వీలు ఉంటే, గోళీలు మానేసేవాళ్ళలో సగం పని అక్కడే అయిపోతుందని మా నమ్మకం.

మూడవది, తిండి కాగితం. పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో మా సంఘ పెద్ద ఒకరికి ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం ఇచ్చారు. అందులో ఓట్స్ ఉన్నాయి, సలాడ్ ఉంది, సాయంత్రం నలభై నిమిషాల నడక ఉంది. దాబా అన్నం లేదు, బగారా లేదు, దావత్ బిర్యానీ లేదు, కల్లు లేదు, మందు లేదు, రాత్రి డ్యూటీ అసలే లేదు. ఆయన ఆ కాగితాన్ని బైబిలులో పెట్టుకున్నాడు. బుక్‌మార్క్‌గా బాగా పనికొచ్చింది.

రాజేంద్రనగర్ మనకు ఎంత దూరం? అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో తెలంగాణ సోనా అనే వరి ఇచ్చింది, ఆర్.ఎన్.ఆర్. 15048. ఆ బియ్యం తింటే రక్తంలో చక్కెర కొంత నెమ్మదిగా ఎక్కుతుందని, దాని గ్లైసెమిక్ సూచిక 51 చుట్టూ అని చెబుతారు. అలాగని కడుపు నిండా తినమని కాదు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాల్సిందే. కానీ "అన్నం మానెయ్" అన్న డాక్టరు మాట వినని మనిషి, "ఈ బియ్యం తిను, రెండు గరిటెలకు బదులు ఒకటిన్నర పెట్టుకో, ముందు కూర తిను" అంటే వింటాడు. వాడి కంచంలో ఉన్న దాని పేరు పిలిచి మాట్లాడితే వింటాడు.

వేరే చోట్ల జరిగినది

"మగవాళ్ళు మారరు" అనేవాళ్ళకు రెండు సంగతులు చూపిస్తాము.

మొదటిది మన దక్షిణ దేశములోనే జరిగింది. చెన్నైకి చెందిన డాక్టర్ రామచంద్రన్ గారి బృందం షుగర్ గడప మీద ఉన్న 537 మంది పనిచేసే మగవాళ్ళను తీసుకుంది. అందరూ 35 నుండి 55 ఏళ్ళవాళ్ళు. అందరికీ మొదట సలహా ఇచ్చారు. సగం మందికి మాత్రం రెండేళ్ళపాటు సెల్‌ఫోనుకు చిన్న చిన్న సందేశాలు పంపారు. 2013లో ఫలితం చెప్పారు. సందేశాలు రానివాళ్ళలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది, వచ్చినవాళ్ళలో 18 శాతం మందికే. ఎవరినీ పని మానుకొని రమ్మనలేదు. జేబులో ఉన్న ఫోనుకే మాట పోయింది.

రెండవది అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో. అది బీపీ గురించి, కానీ పాఠం ఒకటే. అక్కడ నల్లజాతి మగవాళ్ళు ఆసుపత్రిని నమ్మరు, రారు అనేవారు. 52 క్షౌరశాలలలో 319 మందిని తీసుకొని, కొన్ని షాపులకు మందులు తెలిసిన ఫార్మసిస్టునే పంపారు. జుట్టు కత్తిరించే ఆయన ప్రోత్సహిస్తే, ఫార్మసిస్టు అక్కడే బీపీ చూసి మందు రాసిచ్చాడు. 2018లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆరు నెలల్లో వాళ్ళ పై బీపీ సగటున 27 పాయింట్లు దిగింది. మందు షాపులోకి రాకుండా, డాక్టరు దగ్గరకు పొమ్మని ప్రోత్సాహం మాత్రమే దొరికినవాళ్ళకు 9 పాయింట్లే దిగింది. సలహా ఒక్కటి చాలలేదు. వైద్యమే వాడి కుర్చీ దగ్గరకు రావాల్సి వచ్చింది. ప్రియులారా, అది కప్పు విప్పడమంటే.

ఎదురు మాటలు

"ఆడవాళ్ళకే ఇంకా సరిగా అందడం లేదు, మగవాళ్ళకు కొత్త సౌకర్యమా?" అని ఒక సహోదరి మమ్మల్ని గట్టిగా అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆడవాళ్ళ క్యాంపు ఒక్కటి కూడా తగ్గించమని మేము అనము. కానీ ఆ డోలక్ సహోదరుడు పడిపోయినప్పుడు ఎవరు మోశారు? నలుగురు కాదు, ఒక్కతే. అతని భార్య. ఆమెకూ షుగర్ ఉంది. కట్టు కట్టింది, బకెట్ మోసింది, కూలికి పోయింది, తన గోళీలు మరిచిపోయింది. మగవాడిని గాలికి వదిలేస్తే ఆ బరువు ఆడదాని నెత్తి మీదనే పడుతుంది.

"మగవాళ్ళ తప్పు ఏమీ లేదా?" అని ఇంకొకరు. ఉంది. తాగుడు తప్పు, "నాకేమైతది" అనే గర్వము తప్పు. నయమాను సేనాధిపతి కూడా యొర్దానులో మునగడానికి నామోషీ పడ్డాడు. కానీ అతని దాసులు అతన్ని వదిలేసి పోలేదు. దగ్గరికి వచ్చి, మర్యాదగా, అతనికి అర్థమయ్యే మాటతో ఒప్పించారు. గర్వం ఉన్న రోగికి కూడా దేవుడు దాసులను ఇచ్చాడు. మన ఊళ్ళో ఆ దాసులు ఎవరు?

"మందులు వేసుకుంటే విశ్వాసం లేనట్టే" అనే మా తోటి సేవకులకు ఒక మాట. హిజ్కియాకు పుండు వస్తే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పెట్టించాడు. పౌలు తిమోతికి కడుపు నొప్పికి ఉపాయం చెప్పాడు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. ప్రభువు శుద్ధి చేసిన కుష్ఠురోగిని కూడా యాజకుని దగ్గరకు పోయి కనపరచుకోమని పంపాడు. అంటే స్వస్థత నిజమైతే పరీక్షకు భయపడనక్కరలేదు. గోళీలు పడేసిన సాక్ష్యాలకు మైకు ఇచ్చే మనము, రేపు ఆ కాలు తీసేటప్పుడు ఆసుపత్రి బిల్లుకు సంతకం పెడతామా?

ఏమి చేయాలి

అధికారులకు, క్యాంపులు పెట్టే దాతలకు మా విన్నపము ఇది. ఒకటి, వేళ మార్చండి. మాకు ఆదివారం మధ్యాహ్నం ఆరాధన ముగిశాక, ముస్లిం సహోదరులకు శుక్రవారం జుమా నమాజు తరువాత, డ్రైవర్లకు రాత్రి పదింటికి స్టాండులో. రెండు, ఒకసారికి రెండు మూడు నెలల గోళీలు ఇవ్వండి. నెలనెలా గోళీల కోసం ఒక రోజు కూలి పోగొట్టుకొమ్మంటే కూలివాడు కూలినే ఎంచుకుంటాడు. మూడు, ఫారంలో ఉపవాసం ప్రశ్న, రాత్రి డ్యూటీ ప్రశ్న పెట్టండి. నాలుగు, మగవాడితో మాట్లాడటానికి మగవాడిని పెట్టండి. షుగర్‌ను అదుపులో పెట్టుకున్న డ్రైవరే ఇంకో డ్రైవరుకు మంచి బోధకుడు. ఐదు, ప్రతిసారీ బూటు విప్పించి పాదం చూడండి. పాదం చూడని షుగర్ క్యాంపు సగం క్యాంపు. ఆరు, లెక్క రాసేటప్పుడు ఎంతమంది వచ్చారో కాదు, ఎవరు రాలేదో రాయండి.

సేవకులమైన మనకు, మసీదు కమిటీ పెద్దలకు కూడా పని ఉంది. మా మందిరంలో మొదలుపెట్టినవి చెబుతాము. గొప్ప కోసం కాదు, మీరు మా కంటే మంచిగా చేస్తారని. ఆదివారం చాయిలో చక్కెర వేరుగా పెడుతున్నాము. ప్రేమ విందులో ముందు పప్పు, కూర వడ్డించి తరువాత అన్నం పెడుతున్నాము. నెలకు ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక, మగవాళ్ళు ఒక పక్కన చెప్పులు, బూట్లు విప్పి ఒకరి పాదం ఒకరు చూస్తారు. మొదటి రోజు నవ్వారు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఎవరో గుర్తుచేస్తే నవ్వు ఆగింది. రెండో నెలలో ఒక తమ్ముడి మడమ మీద తనకే తెలియని పగులు కనపడింది. అతడు ఆ సోమవారమే దవాఖానకు పోయాడు. కాలు ఉంది.

శ్రమల దినములకు ముందు మా వీధి భాయ్ ఒకరితో కూర్చొని ఈ ఉపవాసం సంగతి మాట్లాడాము. ఆయనకూ షుగరే. "పాస్టర్ సాబ్, మీ దిక్కు గూడ ఇదే పరేషానీ ఉందా?" అని ఆశ్చర్యపోయాడు. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు పోయాము. ఆయన గోళీ వేళ మార్చారు. మా సంఘస్థులలో ఇద్దరిని ఈసారి ఉపవాసం వద్దన్నారు. ఆ ఇద్దరికీ మేము మందిరంలో అందరి ముందు చెప్పాము: మీరు తిని ప్రార్థించండి, మీ ప్రార్థన తక్కువ కాదు. ఆ మాట పాస్టరు నోట రావాలి. డాక్టరు నోట వస్తే వాళ్ళు సగమే వింటారు.

గోళీల సాక్ష్యం విషయంలో కూడా ఒక కట్టడి పెట్టుకున్నాము. స్వస్థత సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందు పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు చెప్పే దాకా గోళీలు మానకూడదు. దీనివల్ల ఒక కుటుంబం మాకు విశ్వాసం లేదని వేరే సంఘానికి వెళ్ళిపోయింది. వెళ్ళనివ్వండి. వాళ్ళ కోసం ప్రార్థిస్తాము, వాళ్ళ షుగర్ గురించి కూడా అడుగుతూనే ఉంటాము.

ప్రియ సహోదరుడా, నీకు ముప్పై దాటితే ఈ వారమే ఒకసారి చూపించుకో. పరగడుపున 126 గానీ ఆ పైన గానీ వస్తే ఇంకోసారి పరీక్ష చేయించుకొని డాక్టరును కలువు. నువ్వు రాలేకపోతే మాకు కబురు పెట్టు. స్టాండుకైనా, గోదాము గేటు దగ్గరికైనా, రాత్రి ఎంత పొద్దుపోయినా వస్తాము.

నిన్ను నలుగురం ఎలాగూ మోయాల్సి వస్తుంది. అది పాడె మీదనా, కప్పు విప్పి ప్రభువు ముందుకా అన్నదే మిగిలిన ప్రశ్న. మేము ఒకసారి ఆలస్యం చేశాము. ఆ డోలక్ చప్పుడు ప్రతి ఆదివారం మాకు ఆ సంగతి గుర్తుచేస్తూనే ఉంది.

కప్పు విప్పే చేతులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.